గంటన్నర బొంబాయి

"బొంబాయి ఎంత దూరం?" అని అడిగింది మంజులత మేడం.

పదో తరగతి గదిలో ఒక్కరూ నోరు విప్పలేదు. తెలియక కాదు. ఆ ఊళ్లో సగం ఇళ్ల మగవాళ్లు బొంబాయిలోనే ఉంటారు. అది ఎంత దూరమో పాలు మరవని పిల్లను అడిగినా చెబుతుంది. కానీ మేడం చేతిలో మైకు ఉంది. ఆమె వెనక మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా, కెమెరా వెనక ఒక కన్ను మూసుకుని రిత్విక్ అనే యువకుడు. అవన్నీ చూసేసరికి పిల్లల నోళ్లు ఎండిపోయాయి.

"చెప్పుండ్రి. గిట్ల పొద్దంత ముచ్చట్లు వెడ్తరు, గిప్పుడేమైంది?" అని తలుపు దగ్గర నిలబడ్డ హెడ్మాస్టరు నరహరి సారు కసిరాడు.

చివరికి సింధూజ లేచింది. ఆమెకు భయం తక్కువ. "మక్తల్ల పొద్దుగూకంగ బస్సెక్కితే, తెల్లారి మంచిగ ఎండ వడ్డంక దిగుతరు మేడం. నడుమ రెండు తాన్ల తినేటందుకు ఆపుతరు."

మేడం పకపకా నవ్వింది. "అది బస్సు లెక్క! హైదరాబాద్ నుంచి ముంబై గాలి దారిలో ఆరు వందల ఇరవై కిలోమీటర్లు. విమానంలో గంటన్నర. జస్ట్ గంటన్నర!" అని చిటికె వేసింది.

ఆమె హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ నడిపే ట్రస్టు నుంచి వచ్చింది. పల్లెటూళ్ల సర్కారు బడుల్లో ఐదుగురు ఆడపిల్లలను ఎంచి, వాళ్లను ఒక్క రోజు విమానం ఎక్కించి తీసుకొస్తారట. ఈసారి బొంబాయి వంతు.

"మీలో ఎవరి నాన్న ముంబైలో పని చేస్తున్నారు?"

చాలా చేతులు లేచాయి. మూడో బెంచీలో కూర్చున్న ఎస్తేరు చెయ్యి మాత్రం భుజం దాకా లేచి ఆగిపోయింది. ఎస్తేరు ఏ పనైనా అట్లాగే చేస్తుంది. హాజరు పలికినా పక్కవాళ్లకే వినబడుతుంది. మేడం కన్ను సరిగ్గా ఆ సగం లేచిన చెయ్యి మీదే పడింది.

"నాన్న ఏం చేస్తారమ్మా?"

"సెంట్రింగ్ పని మేడం. స్లాబు కింద చెక్కలు కొడ్తడు."

"అమ్మ?"

"లేదు మేడం."

మేడం కనుబొమలు పైకి లేచాయి. సంతలో పుచ్చకాయను వేలితో కొట్టి చూసి, మంచి చప్పుడు విన్నవాళ్ల ముఖంలా వెలిగింది ఆమె ముఖం. రిత్విక్ వైపు చూసి తల ఊపింది. కెమెరా రెండడుగులు దగ్గరికి జరిగింది.

"నాన్నను చూసి ఎన్నాళ్లయింది?"

"ముందటేడు క్రిస్మస్‌కు వొచ్చిండు."

"మేం నిన్ను విమానంలో తీసుకెళ్లి మీ నాన్న దగ్గర నిలబెడతాం. సరేనా?"

ఎస్తేరు తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం చాలా బాగా వచ్చిందని రిత్విక్ మేడంతో అనడం వినబడింది.

*

బుధవారం సాయంత్రం ఎస్తేరు నాయనమ్మ సాలమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేస్తోంది. ఉడుకు నీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పుతోంది. చేతి గాజులు ఒకే లెక్కన మోగుతున్నాయి. పైన నువ్వులు చల్లి, పెనం మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, కాలాక తీసి పొయ్యి వారకు నిలబెడుతోంది. అక్కడ అవి సెగకు మెల్లగా ఎండి, విరిస్తే పటుక్కుమనేంత గట్టిపడతాయి. అట్లా ఎండిన రొట్టె పదిహేను రోజులైనా చెడదు. బొంబాయి పోయేవాళ్లకు చేసే రొట్టె అదే.

"ఇమానం తోలేటాయనకు చెప్పు బిడ్డ, మూట మీద బరువు వెట్టొద్దని. ఇరుగుతయి."

"అవ్వా, గాయన మనతోని మాట్లాడడు."

"మాట్లాడక? మరి ఎవని మూట ఎవనికియ్యాల్నో ఎట్ల తెలుస్తది?"

సాలమ్మకు తెలిసిన ప్రయాణం బొంబాయి బస్సు ఒక్కటే. ఆ బస్సు కడుపులో ఊళ్ల నుంచి పోయే మూటలన్నీ ఒకటే తీరు, పాత ధోవతి గుడ్డవి. వాటి మీద ఎవరూ పేర్లు రాయరు. ఇంటికొక రంగు పీలిక ఉంటుంది. బిక్షమ్మ ఇంటి మూటకు ఎర్రంచు ముక్క. సాలమ్మ ఇంటి మూటకు నీలం పీలిక, ఎస్తేరు చిన్నప్పటి గౌను చింపి తీసింది. డ్రైవరు ఎల్లేశం బొంబాయిలో ఆగే చోటల్లా పీలిక చూసి మనిషిని కేకేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క మూట తారుమారు కాలేదు.

సాలమ్మ రొట్టెలు దొంతర పెట్టి, పక్కన దంచిన పల్లి కారం పొట్లం పెట్టి, మూడు ముళ్లు వేసి నీలం పీలిక కట్టింది. అప్పుడే ఫోను మోగింది.

"ఇమానమా బిడ్డ? నువ్వా?" తండ్రి డానియల్ గొంతులో నవ్వు ఆగడం లేదు. అదే మాట రెండు రోజుల నుంచి అడుగుతున్నాడు. "మేస్త్రికి చెప్పిన. రేపు పనికి రానన్న. తిట్టిండు, తిట్టని. పొద్దుగాలనే రైలెక్కి వొచ్చి గేటు కాడ నిలవడ్త."

"రొట్టెలు తెస్తున్న నాయిన."

"అవ్వ చేసిందా? ఇగ రాత్రి ఏం తినను. కడుపు ఖాళీగ వెట్టుకుంట."

*

తెల్లవారుతుండగా వ్యాను వచ్చింది. శంషాబాదు దగ్గర ఆపి ఐదుగురికీ తెల్ల టీ షర్టులు, తెల్ల బూట్లు ఇచ్చారు. ఎస్తేరుకు బూట్లు బిగుతు. వేళ్లు మడిచి తొక్కి తొక్కి ఎక్కించుకుంది.

"అబ్బో, నీ పాదాలు పెద్దవే!" అని మేడం నవ్వింది. "ఒక్కరోజే కదా, సర్దుకో."

చెకింగు దగ్గర మూట పట్టీ మీద పోయి అవతల తేలలేదు. యూనిఫాంలో ఉన్నాయన మూట విప్పించి, కారం పొట్లం వాసన చూసి, తల అడ్డంగా ఊపి పక్కనున్న డబ్బాలో పడేశాడు. లైనులో వెనకున్నవాళ్లు మెడలు చాపి చూశారు.

"కారం గిట్ల ఎవలన్న తెస్తరానే ఇమానంలకు? పరువు తీస్తివి గద," అని నరహరి సారు పళ్లు కొరికాడు. ఆయన కొత్త సఫారీ కుట్టించుకున్నాడు. ఆయనకూ ఇదే మొదటి విమానం.

విమానంలో ఎస్తేరును కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అద్దానికి ముఖం ఆనించమన్నారు. ఆనించింది. ఆశ్చర్యపొమ్మన్నారు. ఇంకా కదలని విమానంలో కిటికీ అవతల ఒకాయన ట్రాలీ తోసుకుంటూ పోతున్నాడు. ఆయనను చూసి ఎస్తేరు వీలైనంత ఆశ్చర్యపోయింది. ఆ పని కాగానే నరహరి సారు, "నువ్వు గీడ కూసో బిడ్డ, నాకు జర గాలాడాలె," అని కిటికీ పక్కకు జరిగాడు. విమానం లేచేటప్పుడు ఎస్తేరుకు కనబడింది ఆయన చెవి, చెవిలోని వెంట్రుకలు, వాటి పక్కనుంచి చారెడు ఆకాశం.

ఒళ్లో మూట ఉంది. ఒక్కో కుదుపుకు లోపల రొట్టె అంచు విరుగుతుందేమోనని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

గంట దాటాక విమానం వాలింది. సారు ఫొటో తీసుకోవడానికి వెనక్కి వాలినప్పుడు కిందికి కనబడింది. కొండ వాలు నిండా ఒకదానికొకటి ఆనుకున్న గుడిసెలు, వాటి మీద నీలం పట్టాలు. ఎంత దూరం చూస్తే అంత దూరం నీలం. వీటిలో నాయిన పట్టా ఏదో అని ఎస్తేరు ఒక్కొక్కటీ చూడబోయింది. వెనక సీట్లో మేడం గొంతు: "రిత్విక్, ఆ స్లమ్స్ తియ్యకు. మబ్బులు తీశావుగా, చాలు."

*

దిగాక బయటికి పోలేదు. లోపలి నుంచే మరో చెకింగు దాటించి, మర మెట్ల మీద పై అంతస్తుకు తీసుకుపోయి ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. గదిలో ఏదో పూల వాసన కొట్టే మందు చల్లారు. ఆ వాసన గొంతులో జిగురులా అంటుకుంది. కంపెనీ పెద్దాయన వచ్చి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి, ఒక్కొక్కరికి సర్టిఫికెట్ అంటూ అట్టముక్క చేతికిచ్చి, గడియారం చూసుకుంటూ పోయాడు. ఎస్తేరు పేరు ఎవరో 'ఈస్టర్' అని చెప్పారు. ఆయన "హ్యాపీ ఈస్టర్" అన్నాడు. అందరూ నవ్వారు.

నరహరి సారు ఫోను మోగింది.

"ఆఁ, దిగింది దిగింది. జర ఆగు," అని పెట్టేశాడు.

మళ్లీ మోగింది. "చెప్పిన గద, ఆగుమని." మూడోసారి మోగితే ఫోనును బల్ల మీద బోర్లా తిప్పి పెట్టాడు. అది బోర్లా పడుకునే గిలగిలా కొట్టుకుంది. ఎస్తేరు దాన్నే చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి లేచింది. జన్మలో మొదటిసారి తానే ఒక పెద్దమనిషి దగ్గరికి నడిచిపోయింది. "మేడం, మా నాయిన గేటు కాడ ఉన్నడు."

"టైమ్ లేదమ్మా. ఫ్లైట్ లేటయింది కదా. బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రావడం పెద్ద తతంగం."

వైరు చుట్టుకుంటున్న రిత్విక్ తలెత్తకుండానే అన్నాడు: "లేట్ కాకపోయినా బయటికి వెళ్లడం మన ప్లాన్‌లో లేదుగా మేడం."

మేడం అతని వైపు ఒక చూపు చూసింది. తర్వాత ఎస్తేరు భుజం మీద చెయ్యి వేసి, "ఒక పని చేద్దాం. వీడియో కాల్! అదీ నాన్నను కలవడమేగా," అంది.

మేడం పెద్ద ఫోనులో డానియల్ కనబడ్డాడు. తలకు నూనె రాసి పక్కకు దువ్వాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. వెనకాల స్తంభం మీద ఆరో నంబరు. ఫోను పట్టుకున్న చేతి గోళ్ల చుట్టూ సిమెంటు, ఎంత తోమినా పోనిది. మణికట్టుకు ఏదో ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది.

"బిడ్డా, ఏడున్నవే?"

"లోపల, నాయిన."

"గీ అద్దాల తలుపుకెల్లే అందరు ఒస్తున్నరు. ఆడపిల్లలను అందర్ని చూస్తున్న. ఎప్పుడొస్తవ్?"

పక్క నుంచి మేడం గుసగుసగా, "మిస్ యూ నాన్నా అను," అంది. ఎస్తేరు అనలేదు.

డానియల్ తెర మీదికి వంగి చూశాడు. "జర ఎనుకకు జరుగు బిడ్డ. కాళ్లదాంక కనవడాలె."

ఎందుకో తెలియలేదు గానీ ఎస్తేరు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఫ్రేమ్ దాటుతున్నావ్. ముందుకు రా," అన్నాడు రిత్విక్.

ముందుకు వచ్చింది.

"ఇంక జర ఎనుకకు బిడ్డ, కాళ్లు..."

"దగ్గరికమ్మా, దగ్గరికి. ముఖం కావాలి," అంది మేడం. "ఏడుపొస్తే ఆపుకోకు. రానీ, రానీ."

ఆ మాటతో కళ్ల దాకా వచ్చినవి వచ్చిన దారినే వెనక్కి పోయాయి. మేడం చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. మెత్తగా, చల్లగా, తడి బట్టలా. దాన్ని దులిపేసుకోవాలనిపించింది, దులుపుకోలేదు.

"సరిగ్గా రాలేదు. ఇంకోసారి తీద్దాం. కాల్ కట్ చేసి మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశారు. డానియల్ మళ్లీ మొదటిలాగే నవ్వుతూ ఎత్తాడు. "సిగ్నల్ వోయినట్టుంది బిడ్డ! ఆఁ, చెప్పు. ఎప్పుడొస్తవ్? నేను కదలలే, ఆరో నంబరు కాడనే ఉన్న."

*

తిరుగు విమానంలో ఎస్తేరు మూటను కాళ్ల సందున పెట్టుకుంది. తిండి అమ్ముకుంటూ వచ్చిన అమ్మాయిని రేట్లు అడిగి రిత్విక్ ఈల వేశాడు.

"ఆ రొట్టెలున్నాయిగా," అంది మేడం, పక్క సీట్లోంచి వంగి. "ఇక నాన్నకు ఇవ్వలేం కదమ్మా. రేపటికి పాడైపోతాయి పాపం."

పాడు కావని ఎస్తేరుకు తెలుసు. ఈ రొట్టెలు చెడాలంటే సగం నెల గడవాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మేడం అప్పటికే మూట అందుకుని ముళ్లు లాగుతోంది. నీలం పీలిక కింద పడింది. ఎస్తేరు వంగి తీసుకుంది.

"జొన్న! మిల్లెట్స్! రిత్విక్, ఇది తియ్యి."

రొట్టె విరిచిన చప్పుడు పటుక్కుమంది. మేడం ఒక ముక్క నోటి దగ్గర పెట్టుకుని కెమెరాకు నవ్వింది, కొరికింది, కళ్లు మూసి తల ఊపింది. కెమెరా దిగగానే, "ఏదైనా నంజుకోవడానికి ఉంటే బాగుండేది," అంది. రిత్విక్ ఒకటి తిన్నాడు. నరహరి సారు కిటికీ పక్క నుంచి చెయ్యి చాపి, "మా అమ్మ గూడ గిట్లనే చేస్తుండె," అంటూ రెండు తిన్నాడు. ఆయన మీసాల్లో నువ్వు గింజ ఒకటి ఇరుక్కుంది. ఆయన మాట్లాడినప్పుడల్లా అది కదులుతోంది.

మిగిలినవి, కొరికి వదిలినవి మేడం చుట్టూ చూసి, సీటు జేబులో ఉన్న వాంతుల సంచీ తెరిచి అందులో కుక్కింది. మూట గుడ్డకు వేళ్లు తుడుచుకుంది. "ఇదిగో, మీ గుడ్డ."

విమానం ఊగినప్పుడు ఎస్తేరుకు నిజంగానే వాంతి వచ్చింది. తన ముందు జేబులో సంచీ లేదు. మేడం తీసింది ఆ జేబులోదే. గుడ్డను నోటికి అదిమి పట్టుకుని కళ్లు మూసుకుని మింగింది. గుడ్డ కాలిన జొన్న వాసన వేస్తోంది.

శంషాబాదులో వ్యాను ఎక్కేముందు బూట్లు విప్పించి డబ్బాలో వేసుకున్నారు. వచ్చే నెల ఇంకో బడి పిల్లలకు కావాలట.

ఇంటికి చేరేసరికి సాలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. మనవరాలి చేతిలోని ఖాళీ గుడ్డ చూసి ముఖం విచ్చుకుంది. "అన్ని తిన్నడా? ఒక్కటి గూడ ఉంచుకోలేదా?"

ఎస్తేరు నోరు తెరవబోయేంతలో ఫోను మోగింది. సాలమ్మే ఎత్తి అదే మాట అడిగింది. డానియల్ గొంతు ఎస్తేరు దాకా గట్టిగానే వినబడింది.

"ఆఁ, తిన్ననే అవ్వ. గీడనే నిలవడి తిన్న. మస్తుగున్నయి."

*

శనివారం బడిలో సభ. షామియానా కింద తల్లులు, అవ్వలు నిండిపోయారు. మగవాళ్లు తక్కువ. ఊళ్లో ఉన్న మగవాళ్లే తక్కువ.

సభకు ముందు నరహరి సారు ఎస్తేరును గదిలోకి పిలిచాడు. "రెండే ముక్కలు. విమానంలో గంటన్నరలో ముంబై వెళ్లి మా నాన్నను కలిశాను, అవ్వ చేసిన రొట్టెలు తినిపించాను, ట్రస్టు వారికి కృతజ్ఞతలు. గంతే. ఆడపిల్లలకు బాత్రూములు గట్టిస్తమంటున్నరు. నీ నోట్లె ఉన్నది, చూడు."

బయట సింధూజ చెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యె ఎస్తేరు. ఒక్క అబద్దమే గద. నాకు ఆ తుమ్మ చెట్ల ఎనుకకు వోవుడంటే పానం మీదికొస్తున్నది."

ఎస్తేరుకూ ఆ తుమ్మ చెట్లు తెలుసు. అక్కడి ముళ్లు తెలుసు, రోడ్డు మీద బండ్లు ఆపి తొంగిచూసేవాళ్లు తెలుసు. ఆ రెండు ముక్కలు మనసులో చదువుకుంది. పెదాల మీద పెట్టుకుని చూసింది. చెప్పగలననే అనుకుంది.

ముందు వీడియో వేశారు. తెల్ల గుడ్డ మీద మబ్బులు, సంగీతం. అద్దానికి ఆనిన ఎస్తేరు ముఖం. డానియల్ కనబడగానే ఆడవాళ్లలో కలకలం. "అగో డానియలు, చిక్కిపోయిండు గదా." తర్వాత రొట్టె. తెల్ల గుడ్డ నిండా ఒక్క జొన్న రొట్టె, నువ్వులతో సహా. అది పటుక్కున విరిగింది. మేడం కొరికి కళ్లు మూసుకుంది. వెనక నరహరి సారు దవడలు ఆడుతున్నాయి. కింద పెద్ద అక్షరాలు: పల్లె రుచి, ఆకాశంలో.

ముందు వరసలో కూర్చున్న సాలమ్మ తన రొట్టెను తాను గుర్తుపట్టింది. అంచున తన వేలి గుర్తులు ఉంటాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరిగి మనవరాలి కోసం వెతికింది. ఇద్దరి కళ్లూ కలిశాయి.

చప్పట్ల మధ్య మేడం ఎస్తేరును వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చింది. తన వీడియోలో ఏం చూపించిందో ఆమెకు తెలియనే లేదు. అంత సంతోషంగా ఉంది.

"చెప్పమ్మా. మొదటి రోజు అడిగిన ప్రశ్నే. ముంబై ఎంత దూరం?"

ఎస్తేరు మైకును నోటికి దూరంగా పట్టుకుంది. కింద సింధూజ రెండు చేతులూ జోడించి చూస్తోంది. సారు పెదాలు కదుపుతూ అందిస్తున్నాడు: గంటన్నర, గంటన్నర. ఆయన మీసాలు కదలడం చూడగానే ఆ నువ్వు గింజ గుర్తొచ్చింది.

"బస్సుల పోతే ఒక రాత్రి, ఒక పూట మేడం," అంది. మామూలుగానే, పక్కవాళ్లకు వినబడేంత. "ఇమానంల పోతే అందది."

"ఏంటీ?"

"ఇమానంల పోతే బొంబాయి అందది మేడం. మా నాయిన ఆరో నంబరు కాడ నిలవడ్డడు. నేను పోలే."

వెనక వరసలకు వినబడలేదు. "ఏమన్నది? ఏమన్నదే పిల్ల?" అని మూడో వరస వాళ్లు రెండో వరసను అడిగారు. మాట ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. "ఇమానంల పోతే అందదట." "ఏమందదట?" "బొంబాయి." "తండ్రిని చూడనియ్యలేదట." "రొట్టెలు గూడ వాల్లే తిన్నరట." చివరి వరసలో బిక్షమ్మకు చేరేసరికి షామియానా అంతా గుసగుస. ఆమె కొడుకులు ఇద్దరూ బొంబాయిలోనే ఉన్నారు. బిక్షమ్మ గట్టిగా అంది: "మరి గంటన్నరల ఏం చేసొచ్చిండ్రమ్మ మీరు? తినొచ్చిండ్రా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. తర్వాత నవ్వు ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. మేడం మైకు లాక్కుని, "పాప భయపడింది, చిన్నపిల్ల కదా," అంది. ఆ మాటను ఎవరూ వినలేదు.

సాలమ్మ లేచి వచ్చి వేదిక మెట్టు దగ్గర నిలబడి చెయ్యి చాపింది. ఎస్తేరు ఆ చెయ్యి పట్టుకుని దిగింది. గరుకు చెయ్యి, వెచ్చగా ఉంది.

దారిలో సింధూజ వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. కొంతదూరం పక్కనే నడిచింది.

"పోయినయ్ బాత్రూములు," అంది చివరికి.

"ఔ," అంది ఎస్తేరు. అది అనడం చాలా కష్టమైంది.

సింధూజ ఒక రాయిని కాలితో తన్నింది. "ఏడ కడ్తుండ్రి తియ్ వాల్లు. ఇచ్చిన బూట్లే గుంజుకపోయిండ్రు."

*

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే అడ్డరోడ్డు దగ్గర బొంబాయి బస్సు ఆగింది. డ్రైవరు ఎల్లేశం కిటికీలోంచి కేకేశాడు. "సాలమ్మవ్వా! నీ కొడుకు పంపిండు. బేస్తవారమే ఇస్తననుకుంటే కుదరలేదట."

ప్లాస్టిక్ కవరు. ఎస్తేరు దాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆరో నంబరు స్తంభం ముందు నాయిన మణికట్టుకు వేలాడింది అదే. ఇంటికొచ్చి విప్పింది. లోపల చెప్పులు. ఎర్ర తోలువి, పట్టీ మీద చిన్న బంగారు రంగు పువ్వు. అంగడి కాగితం ఇంకా చుట్టే ఉంది.

కాలు పెట్టింది. మడమ సగం బయటే ఉండిపోయింది.

సాలమ్మ వంగి చూసింది. "గింత చిన్నయి తెచ్చిండేందే?"

ఎస్తేరుకు నాయిన ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. జర ఎనుకకు జరుగు బిడ్డ, కాళ్లదాంక కనవడాలె. ఆ మాట ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. ముందటేడు క్రిస్మస్‌కు చూసిన పాదాలను మనసులో పెట్టుకుని కొన్నాడు. సరిపోతాయో లేదో ఫోనులో చూసుకోబోయాడు. ఒక్క అడుగు వెనక్కి వేసి నిలబడనిచ్చి ఉంటే చూసుకునేవాడే. గురువారం అద్దాల గదిలో వెనక్కి పోయిన కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. కెమెరా లేదు కాబట్టి వాటిని తుడుచుకోలేదు.

"మల్ల రొట్టెలు చేద్దామవ్వా," అంది కొంతసేపటికి. "బస్సు పొద్దుగూకంగ తిరిగి పోతది."

పగలంతా ఇద్దరూ చేశారు. సాలమ్మ తట్టింది, ఎస్తేరు కాల్చింది. కారం మళ్లీ దంచారు, ఈసారి వెల్లుల్లి ఎక్కువేసి. ఉతికి ఆరేసిన పాత గుడ్డలోనే దొంతర పెట్టి మూట కట్టారు. చెప్పులు కాగితంతో సహా లోపలే పెట్టారు, డానియల్ అంగట్లో మార్చి తేవడానికి.

నీలం పీలిక కట్టబోతుంటే ఎస్తేరు, "ఆగవ్వా," అంది. పీలికను గచ్చు మీద పరిచి, దాని మీద కుడి పాదం మోపింది. మడమ దగ్గర ఒక ముడి వేసింది. బొటనవేలి దగ్గర ఇంకొకటి వేసింది. సాలమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూసింది. రెండు ముళ్ల మధ్య వేలు వేలుగా కొలిచి, "ఓయమ్మ, ఇంత పెరిగినవా," అంది.

అడ్డరోడ్డు దగ్గర ఎల్లేశం మూట అందుకుని కింది అరలో పెట్టబోయి, పీలికను చూసి ఆగాడు. "గీ ముళ్లేంది? కొత్తగున్నయి."

"నాయినకు చెప్పాలె," అంది ఎస్తేరు. గొంతు పెంచింది, ఇంజను చప్పుడు మీద వినబడాలి కాబట్టి. "గా రెండు ముళ్ల నడుమ ఉన్నది నా కాలని చెప్పు మామా."

ఎల్లేశం మూటను కింది అరలో పెట్టలేదు. తన సీటు పక్కన, నీళ్ల సీసా దగ్గర, బరువు పడని చోట పెట్టుకున్నాడు.